బిడ్డను మోసే శరీరం: ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. మా బాబుకు 14 ఏళ్లు, ఆటిజం ఉంది. వాడికి రెండున్నరేళ్లప్పటి నుంచి థెరపీ గదుల బయట బెంచీల మీద కూర్చుంటున్నాను. పరకాల, నర్సంపేట, జనగామ, భూపాలపల్లి నుంచి తెల్లారుజామున బస్సెక్కి వచ్చే తల్లులు, అప్పుడప్పుడు తండ్రులు, తాతలు నా పక్కన కూర్చుంటారు. పిల్లల గురించి మాట్లాడుకోవడం అయిపోయాక, లేవబోయే ముందు, గొంతు తగ్గించి తమ గురించి ఒక మాట అడుగుతారు. అలా అడిగిన ప్రశ్నలే ఇవి. నేను డాక్టర్ని కాను. శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పగలను, దవాఖానలో ఏం అడగాలో చెప్పగలను. మందులు రాయాల్సింది మాత్రం డాక్టర్లే.

టెన్షన్ అనేది మనసుకు సంబంధించింది కదా, ఒంటికేం సంబంధం?

బాబు చెయ్యి విడిపించుకొని రోడ్డు మీదికి ఉరికాడనుకోండి. లారీ వస్తోంది. మీరు ఆలోచించేలోపే కాళ్లు కదిలిపోతాయి. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, చేతుల్లోకి ఎక్కడలేని బలం వస్తుంది. అది అడ్రినలిన్ పని, క్షణాల్లో జరుగుతుంది. ఆ వెనకే మెదడులోని హైపోథలామస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. పిట్యూటరీ నుంచి మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు కబురు అందుతుంది. ఇంటర్ పుస్తకంలో వీటినే అధివృక్క గ్రంథులు అని చదువుకున్నాం. కొన్ని నిమిషాల్లో అక్కడి నుంచి కార్టిసాల్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. కాలేయాన్ని చక్కెర వదలమంటుంది. అరుగుదల, నెలసరి, పుండు మానడం లాంటి పనుల్ని తర్వాత చూసుకుందామని పక్కన పెట్టిస్తుంది.

ఇది చాలా తెలివైన ఏర్పాటు. కాకపోతే పది నిమిషాల ప్రమాదం కోసం ఏర్పడింది. మన ఇళ్లలో అది ఏళ్ల తరబడి నడుస్తుంది. రాత్రి లేచి తిరిగే పిల్లాడు, ఎప్పుడొస్తుందో తెలియని ఫిట్స్, స్కూలు నుంచి వచ్చే ఫోను, పెళ్లిలో అందరి చూపులు. 1993లో బ్రూస్ మెక్ఈవెన్, ఎలియట్ స్టెల్లార్ అనే శాస్త్రవేత్తలు ఇలా రోజూ పడే బరువుతో శరీరం అరిగిపోవడానికి అలొస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. నేను క్లాసులో బండి టైరు అరుగుదల అని చెప్తాను. గుంతల రోడ్డు మీద ఒక్కసారి పోతే టైరుకు ఏమీ కాదు. రోజూ పోతే తెలుస్తుంది.

కార్టిసాల్ ఎక్కువైతేనే జబ్బులా?

చాలామంది అలాగే అనుకుంటారు, యూట్యూబ్‌లో కూడా అదే చెప్తారు. కార్టిసాల్ లేకపోతే మనం పొద్దున లేవలేం. నిద్ర లేచాక అరగంట, ముప్పావుగంటలో అది బాగా పెరిగి, రోజు గడిచేకొద్దీ తగ్గుతూ అర్ధరాత్రికి అడుగంటాలి. గోదావరిఖనిలో మా చిన్నమ్మ వాళ్లింట్లో ఉన్నప్పుడు షిఫ్టు సైరన్ వినేదాన్ని. పొద్దున మోగితే ఊరంతా లేచి పనిలో పడేది. కార్టిసాల్ కూడా అలాంటి సైరనే. వేళకు మోగాలి, వేళకు ఆగాలి.

మన విషయంలో రెండు రకాల తేడాలు వస్తాయి. కష్టం కొత్తగా మీదపడ్డ రోజుల్లో సైరన్ ఆగకుండా మోగుతుంది. ఏళ్లు గడిచాక కొందరిలో పొద్దున కూడా సరిగా మోగదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షా సెల్ట్జర్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ఈ రెండోదాని గురించే. యుక్తవయసు, అంతకంటే పెద్ద వయసు ఆటిజం పిల్లలున్న తల్లుల లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. మిగతా తల్లులతో పోలిస్తే రోజంతా తక్కువగానే ఉంది. యుద్ధానికి వెళ్లొచ్చిన సైనికుల్లో కనిపించే తీరుకు దగ్గరగా ఉందని వాళ్లు రాశారు. చాలాకాలంగా ప్రవర్తన సమస్యలు ఎక్కువగా ఉన్న పిల్లల తల్లుల్లోనైతే, బాగా కష్టంగా గడిచిన రోజు తర్వాతి ఉదయం కార్టిసాల్ పెరగాల్సినంత పెరగలేదు.

అది చదివిన రోజు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎన్నో ఏళ్లుగా పొద్దున లేవడమే నాకు కొండెక్కినట్టుండేది. బద్ధకం అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు" అంటున్నారు. మరి నాకెందుకిట్లయితాంది?

భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చే ఒక అక్క ఈ మాట అడిగేటప్పుడు ఏడ్చింది. నన్ను కూడా ఒక దవాఖానలో "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని చెప్పి రెండు నిమిషాల్లో పంపించారు. మామూలు రక్తపరీక్ష ఆ ఒక్క క్షణంలో రక్తంలో ఏముందో చూపిస్తుంది. నిద్ర ఎన్నిసార్లు తెగింది, హార్మోన్ల వేళలు ఎంత తప్పాయి, కండరాలు ఎంత బిగుసుకుపోయాయి అన్నది అందులో రాదు. రిపోర్టు నార్మల్ అంటే పెద్ద జబ్బు కనబడలేదని అర్థం. ఆ మేరకు సంతోషమే. మీ ఒళ్లు నొప్పులు అబద్ధమని మాత్రం దాని అర్థం కాదు.

మరి కార్టిసాల్ పరీక్ష చేయించుకోవాలా?

అక్కర్లేదు. ఆ పరీక్ష కుషింగ్స్, అడిసన్స్ లాంటి గ్రంథి జబ్బుల అనుమానం ఉన్నప్పుడు డాక్టర్లు రాస్తారు. మనలాంటివాళ్ల అలసటను అది తేల్చి చెప్పలేదు. ఆ డబ్బులతో బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. ముఖ్యంగా హిమోగ్లోబిన్. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడవాళ్లం మనం. ఒత్తిడి అనుకున్నది సగం రక్తహీనత కావచ్చు, దానికి మందుంది. 30 ఏళ్లు దాటినవాళ్లకు పల్లె దవాఖానలో, బస్తీ దవాఖానలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. బిడ్డను తీసుకొని పోయిన రోజే మీ చెయ్యి కూడా చాపండి.

చిన్న జలుబు కూడా పది రోజులు తగ్గదు. తెగిన వేలు మానదు. ఇదీ టెన్షన్ వల్లేనా?

కొంతవరకు అవును, ఈ విషయంలో ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లిదండ్రులకూ, మామూలు పిల్లల తల్లిదండ్రులకూ న్యుమోనియా టీకా వేసి చూశారు. మనలాంటివాళ్లలో నెల తర్వాతా, ఆరు నెలల తర్వాతా యాంటీబాడీలు తక్కువగా వచ్చాయి. 2009లో ఇది ప్రచురించారు. ఫ్లూ టీకాతోనూ అదే తేడా కనబడింది.

పుండు సంగతి అంతకుముందే, 1995లో, అమెరికాలోని ఒహాయోలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ చూపించారు. మతిమరుపు జబ్బున్న కుటుంబసభ్యులకు సేవ చేసే 13 మంది స్త్రీలకు, అదే వయసున్న మరో 13 మందికి చేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి మానేదాకా గమనించారు. సేవ చేసేవాళ్లకు మానడానికి సుమారు 9 రోజులు ఎక్కువ పట్టింది.

ఎందుకిలా? వాపును (ఇన్‌ఫ్లమేషన్) అదుపులో పెట్టడం కార్టిసాల్ పనుల్లో ఒకటి. సైరన్ అదేపనిగా మోగితే మెల్లగా ఎవరూ పట్టించుకోరు కదా, రోగనిరోధక కణాలు కూడా దాని మాట వినడం మానేస్తాయి. క్యాన్సర్ ఉన్న పిల్లల తల్లిదండ్రుల రక్తకణాల్లో ఈ చెవుడును 2002లో గ్రెగరీ మిల్లర్, షెల్డన్ కోహెన్ బృందం గుర్తించింది. అప్పుడు లోపల సన్నటి వాపు ఆరకుండా ఉండిపోతుంది. కీళ్ల నొప్పులు, గుండె రక్తనాళాల జబ్బులు, షుగర్, వీటన్నిటి వెనకా ఈ ఆరని వాపుకు చోటుంది. పది రోజులు దాటినా పుండు మానకపోతే మాత్రం టెన్షన్ అని వదిలేయకుండా షుగర్ చూపించుకోండి.

మనకు తొందరగా ముసలితనం వస్తుందట, నిజమేనా?

ఈ మాట వాట్సాప్‌లో తిరిగి చాలామందిని భయపెట్టింది. అసలు సంగతి ఇది. మన క్రోమోజోముల చివర టీలోమియర్లు అనే తొడుగులుంటాయి. చెప్పుల తాడు చివర ప్లాస్టిక్ ముక్క ఊడితే తాడు పోగులు పోగులుగా విడిపోతుంది చూడండి, అలా విడిపోకుండా కాపాడేవి అవి. వయసుతో పాటు పొట్టిగా అవుతాయి. 2004లో కాలిఫోర్నియాలో ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ 58 మంది తల్లుల్ని పరీక్షించారు. వాళ్లలో 39 మందికి దీర్ఘకాలిక జబ్బున్న బిడ్డ ఉంది. అందరికంటే ఎక్కువ ఒత్తిడిలో ఉన్నామని చెప్పిన తల్లుల కణాలు, తక్కువ ఒత్తిడిలో ఉన్న తల్లుల కణాల కంటే కనీసం పదేళ్లు ముదిరినట్టు కనిపించాయి. బ్లాక్‌బర్న్‌కు టీలోమియర్ల మీద పనికే 2009లో నోబెల్ వచ్చింది.

వాట్సాప్‌లో రాని ముక్క ఒకటుంది. జబ్బున్న బిడ్డ తల్లులు, మామూలు తల్లులు అని రెండు గుంపులుగా పోల్చినప్పుడు టీలోమియర్లలో తేడా లేదు. బిడ్డ ఎలా ఉన్నాడన్న దాంతో కాక, ఆ తల్లి ఎన్నేళ్లుగా మోస్తోంది, ఎంత బరువుగా మోస్తోంది అన్నదాంతో తేడా వచ్చింది. నాకు ఇది చాలా పెద్ద మాట. బిడ్డను మార్చలేం. బరువు ఎవరెవరం పంచుకోవాలో మాత్రం ఇంట్లో కూర్చొని తేల్చుకోవచ్చు.

అయితే నా రోగాలకు నా బిడ్డే కారణమా?

కాదు. పై జవాబు మళ్లీ చదవండి. ఇంకో మాట కూడా ఉంది. విస్కాన్సిన్ బృందమే ఈ తల్లుల రోజులు ఎలా గడుస్తున్నాయో వరుసగా అడిగి రాసుకుంది. చాకిరీ గంటలు ఎక్కువ, అలసట ఎక్కువ, ఉద్యోగంలో ఆటంకాలు ఎక్కువ. కానీ రోజులో దొరికే సంతోషాలు మిగతా తల్లులకు ఎన్నో, వీళ్లకూ అన్నే. మా వాడు బతుకమ్మ పాట చప్పట్లకు తాళం తప్పకుండా ఊగుతాడు. ఆ సాయంత్రాలు నన్ను అరగదీయలేదు.

కడుపుతో ఉన్నప్పుడు నేను టెన్షన్ పడ్డందుకే పిల్లగాడు ఇట్ల పుట్టిండని మా అత్తమ్మ అంటది. ఏం చెప్పాలె?

తల్లి మీద నింద వేయడం మన ఊళ్లలోనే పుట్టలేదు. 1943లో లియో కానర్ ఆటిజాన్ని వర్ణించాక, తల్లి ప్రేమ లేక బిడ్డ ఇలా అయ్యాడని అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లే రెండు దశాబ్దాల పాటు అన్నారు. ఆ నింద తప్పని 1964లో గట్టిగా వాదించిన బెర్నార్డ్ రిమ్లాండ్ మానసిక శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి కూడా. ఆటిజంలో జన్యువుల పాత్రే ఎక్కువ అన్నది ఇప్పుడు స్థిరపడిన విషయం. సెరిబ్రల్ పాల్సీకి, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పే స్థితికి, నెలలు నిండకుండా పుట్టడం, మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం, ముదిరిన పసిరికలు లాంటి కారణాలుంటాయి. కడుపుతో ఉన్నప్పుడు మీరు భయపడడమో, ఏడవడమో కారణం కాదు.

అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. ఒకసారి మీతో పాటు థెరపీకి తీసుకురండి. డాక్టరు నోటితో ఆ మాట చెప్పించండి. మా అత్తమ్మ అలాగే మారింది. ఇప్పుడు మా వాడికి అన్నం తినిపించేది ఆమే.

ఇంట్లో నింద నడుస్తుంటే కార్టిసాల్ సైరన్ ఆగదు. అందుకే దీన్ని కుటుంబ గొడవగా కాక ఆరోగ్య సమస్యగా చూడమంటాను.

బీపీ, బరువు, పొట్ట, నెలసరి తప్పడం?

అన్నిటికీ దారి ఉంది. పదే పదే అడ్రినలిన్ వస్తే రక్తనాళాలు బిగిసి బీపీ పెరుగుతుంది. కార్టిసాల్ చక్కెర వదిలిస్తుంది, ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు, కొవ్వును పొట్ట చుట్టూ చేరుస్తుంది. నిద్ర తక్కువైతే తీపి మీదికి, నూనె వంటల మీదికి మనసు పోతుంది. అది నోటి చాపల్యం అనుకోకండి, ఆకలి హార్మోన్లు అటూ ఇటూ అవుతాయి. హైపోథలామస్ మీద ఒత్తిడి పడితే నెలసరి వేళలు కూడా తప్పుతాయి. బీపీ 140/90 దాటి రెండు మూడుసార్లు కనిపిస్తే ఆలస్యం చేయకండి.

నాలుగు గంటల నిద్ర సరిపోదా? మాకు అలవాటైపోయింది.

అలవాటు పడదు. అలవాటైనట్టు అనిపిస్తుందంతే. అన్ని ప్రశ్నల్లో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే, ఎందుకంటే మిగతా చిక్కుముళ్లన్నీ నిద్ర దగ్గరే విడతాయి.

మన పిల్లల్లో నిద్ర సమస్యలు చాలా ఎక్కువ. వాళ్లు లేస్తే మనం లేస్తాం. వాళ్లు పడుకున్నా మన చెవి ఒకటి తెరిచే ఉంటుంది. గాఢనిద్రలోనే బీపీ దిగుతుంది, ఒళ్లు తనను తాను బాగుచేసుకుంటుంది. గంటగంటకూ నిద్ర తెగితే ఎన్ని గంటలు పడుకున్నా ఆ పని సరిగా సాగదు.

మా ఇంట్లో చేసింది చెప్తాను. వారంలో మూడు రాత్రులు బాబు గదిలో మా ఆయన, మూడు రాత్రులు నేను, ఒక రాత్రి అత్తమ్మ. వంతు లేనివాళ్లు తలుపు వేసుకొని వేరే గదిలో పడుకోవాలి. ఒక్కటే గది ఉన్న ఇంట్లో రాత్రినే రెండు ముక్కలు చేయండి. పదింటి నుంచి రెండింటిదాకా ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు. మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు, లేచి తలుపు దగ్గర చెవిపెట్టి విన్నాను. మూడో వారానికి పట్టింది.

పిల్లాడి నిద్రకు కూడా వైద్యం ఉంది. సాయంత్రం ఫోను ఆపడం, రోజూ ఒకే వేళకు స్నానం, చీకటి గది. వీటితో కాకపోతే పిల్లల డాక్టరును అడగండి, కొందరికి మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ మాత్ర రాస్తారు. మీ అంతట మీరు మెడికల్ షాపులో కొనకండి. మూలుగుతున్నాడా, గురక పెడుతున్నాడా, మలబద్ధకం ఉందా, పళ్లు నొప్పా అన్నది కూడా చూపించండి. మాటలు రాని పిల్లలు నొప్పిని నిద్ర లేకపోవడంతోనే చెప్తారు.

బాబుకు సెరిబ్రల్ పాల్సీ. పన్నెండేళ్లొచ్చినయ్, ఇంకా ఎత్తుకునే తిప్పుతున్నం. నడుము పోయింది.

ఇది హార్మోన్ల కంటే ముందు బరువు సమస్య. నడుము వంచి ఎత్తకండి, మోకాళ్లు వంచి బిడ్డను ఒంటికి దగ్గరగా పట్టుకొని లేవండి. బిడ్డ బరువు పెరిగితే ఇద్దరు ఎత్తాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రానికి వచ్చే ఫిజియోథెరపిస్టును "నాకు ఎత్తడం నేర్పండి" అని అడగండి, నేర్పుతారు. వీల్‌ఛైర్లు, సెరిబ్రల్ పాల్సీ పిల్లల కుర్చీలు అలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ శిబిరాల్లో అర్హులకు ఉచితంగా ఇస్తారు. కుర్చీ తెస్తే బిడ్డను వదిలేసినట్టు అనుకునే తల్లుల్ని చూశాను. మీ నడుము ఇంకో ముప్పై ఏళ్లు కావాలి.

నాన్నలకు ఇవేమీ ఉండవా?

ఉంటాయి, చెప్పరు. మా బెంచీ మీద తండ్రులు ఫోను చూస్తూ కూర్చుంటారు. అప్పులు, ఓవర్‌టైమ్, సాయంత్రం మందు, సిగరెట్. మందు తాగితే నిద్ర వచ్చినట్టే ఉంటుంది కానీ రాత్రి రెండో సగంలో నిద్ర తెగ్గొడుతుంది, బీపీ పెంచుతుంది. అన్నలూ, మీరు కూడా ఏడాదికోసారి బీపీ, షుగర్ చూపించుకోండి. థెరపీ గదిలోకి మీరూ రండి.

అశ్వగంధ, "కార్టిసాల్ తగ్గించే" పొడులు వాడొచ్చా?

థైరాయిడ్ మందు, షుగర్ మందు, నిద్రమందు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా అశ్వగంధ వాడొద్దు. కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. ఆన్‌లైన్ పొడుల జోలికి అసలే పోకండి.

మరి ఏం చేస్తే నిజంగా తగ్గుతుంది?

2014లో ఎలిసబెత్ డైకెన్స్ బృందం అమెరికాలోని వాండర్‌బిల్ట్‌లో చేసిన పరిశోధన నాకు చాలా నచ్చింది. వైకల్యమున్న పిల్లల తల్లులు 243 మందిని రెండు గుంపులు చేసి ఆరు వారాలు, వారానికి గంటన్నర చొప్పున కూర్చోబెట్టారు. ఒక గుంపుకు శ్వాస, ధ్యాన పద్ధతులు. రెండో గుంపుకు నేరభావాన్ని, చింతను ఎదుర్కొని ఉన్న మంచిని గుర్తించే అభ్యాసాలు. రెండింటిలోనూ ఒత్తిడి, దిగులు తగ్గాయి, నిద్ర మెరుగుపడింది. నేర్పింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మనలాంటి తల్లులే.

అందుకే మేం నెలకో ఆదివారం ఐదారు కుటుంబాలం కలుస్తున్నాం. ఇద్దరు పిల్లల్ని చూస్తారు, మిగతావాళ్లు టీ తాగుతారు. ఇంతే. దీనికి డబ్బు పెట్టనక్కర్లేదు. ఊపిరి సంగతికొస్తే, పీల్చినదానికంటే మెల్లగా వదలండి, ఐదు నిమిషాలు. మెల్లగా వదిలినప్పుడు గుండె వేగం తగ్గుతుంది. బస్సులో కూడా చేయొచ్చు.

డబ్బు చింత కూడా ఒంట్లోకే దిగుతుంది కాబట్టి రావాల్సింది వదులుకోకండి. వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు, పింఛను, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు నిరామయలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులొస్తాయి, థెరపీ కూడా అందులో ఉంది.

"నేను పోతే వీడెట్ల?" అని రాత్రి రెండింటికి మెలకువ వస్తది.

నాకూ వస్తుంది. రేపటి ఊహకు కూడా శరీరం ఈ రోజు లారీ వచ్చినట్టే స్పందిస్తుంది. ఊహను ఆపలేం కానీ దానికి ఒక కాగితం ఇవ్వొచ్చు. 18 ఏళ్లు నిండాక ఆ నాలుగు వైకల్యాల్లో ఏదున్నా, నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద చట్టబద్ధ సంరక్షకుల్ని నియమించుకోవచ్చు. దరఖాస్తు జిల్లా స్థానిక కమిటీకి, అంటే కలెక్టర్ ఆఫీసు ద్వారా. ఎవరి పేరు రాయాలో ఇప్పుడే మాట్లాడుకోండి. మా చెల్లెలు ఒప్పుకున్న రాత్రి నేను తెల్లారేదాకా పడుకున్నాను.

"ఇద్దరం కలిసి పోతే బాగుండు" అనిపించే స్థాయికి వస్తే ఆ రాత్రే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన వచ్చినందుకు మీరు చెడ్డతల్లి కారు. నాకు తెలిసిన ఇద్దరు ఆ నంబరుకు ఫోన్ చేశారు. ఇద్దరూ ఈ శనివారం బెంచీ మీద నా పక్కనే ఉన్నారు.

డాక్టరు దగ్గర ఏమని మొదలుపెట్టాలి? అక్కడికి పోంగనే అన్నీ మర్చిపోతా.

ఒక చీటీ మీద రాసుకొని పొండి: "నాకు ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఉంది. ఇన్నేళ్లుగా రాత్రి ఇన్నిసార్లు లేస్తున్నాను. ఈ మూడు ఇబ్బందులు ఇన్ని నెలలుగా ఉన్నాయి. మా ఇంట్లో షుగర్, బీపీ వీళ్లకుంది. నేను వాడే మందులివి." చీటీ ఇచ్చి, వాళ్లు చదివేదాకా కుర్చీలో కూర్చోండి. లేవకండి.